గార్డు కోటులో అమ్మమ్మ పోగులు

చివరి పీరియడ్ మొదలయ్యేసరికి టీచర్ బల్ల మీద చోటు దాదాపు నిండిపోయింది. ఒకరి తాతయ్య చెక్కిన కర్ర గుర్రం. ఒకరి నానమ్మ అల్లిన ఉన్ని టోపీ. ఒకరి పెదనాన్న రేకు కత్తిరించి చేసిన పడవ. వాటి వెనక, బోర్డు మీద, "మా ఇంటి పెద్దల చేతిపని" అని గుండ్రటి అక్షరాలు.

"తరువాత ఎవరు?" అన్నారు టీచర్.

బొంగరం లేచింది.

అది బడి రిజిస్టరులో ఉన్న పేరు కాదు, అమ్మమ్మ పెట్టిన పేరు. కూర్చున్నా కాళ్ళు ఆగవు, పడుకున్నా మాటలు ఆగవు, ఇది పిల్ల కాదు బొంగరం అనేది అమ్మమ్మ. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి బడిలోకి పాకింది. పేరు అందరి నోళ్ళలోనూ ఉంది. పెట్టిన మనిషి మాత్రం లేదు. అమ్మమ్మ పోయి ఇంకా నెల తిరగలేదు.

బొంగరం సంచిలోంచి తన పాత ఆకుపచ్చ గౌను తీసి బల్ల మీద పరిచింది.

"ఇది మీ అమ్మమ్మ కుట్టిందా?" అడిగారు టీచర్.

"కాదండీ, కొన్నదే. తలుపు గడియకు తగులుకుని చిరిగింది. మా అమ్మమ్మ రఫూ చేసింది."

"రఫూ అంటే?" వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"చిరిగిన చోట పోగుకు పోగు కలిపి నేస్తారు. అక్కడ చిరిగిందని ఎవరికీ తెలియదు."

"ఏదీ, చూపించు!"

బొంగరం గౌను తిప్పింది. ముందు చూసింది, వెనక చూసింది. చిరిగింది నడుము దగ్గరా, మోకాలి దగ్గరా? గుర్తు రాలేదు. కిటికీ వైపు ఎత్తి చూసినా దొరకలేదు.

ఆ క్లాసులో ఒక కుర్రవాడున్నాడు. గొంతు విప్పితే రెండు వీధులు వింటాయి కనుక వాణ్ణి అందరూ గంట అంటారు. వాడు లేచి నిలబడ్డాడు.

"టీచర్, మా తాతయ్య విమానం చేశాడండీ. అది కూడా కనిపించదు!"

క్లాసంతా పగలబడి నవ్వింది.

"ఊరుకోండి" అన్నారు టీచర్. "కనిపించకపోవడమే ఆ పనిలో గొప్ప." కానీ ఆ మాట నవ్వుల కింద నలిగిపోయింది. "రేపటిదాకా బల్ల ఇలాగే ఉంచుతాను. ఇంకేదైనా ఉంటే రేపు తెచ్చి పెట్టమ్మా."

బొంగరం గౌను మడిచి సంచిలో కుక్కుకుంది. చెవులు రెండూ నిప్పుల్లా ఉన్నాయి.

*

ఇంటి ముందు గదే అమ్మమ్మ కొట్టు. వీధి వైపు పెద్ద కిటికీ. కిటికీ కింద బల్ల, బల్ల ముందు చేతుల్లేని కుర్చీ. దగ్గు బిళ్ళల డబ్బాలో సూదులు. స్టాండుకు బిగించిన భూతద్దం. గుమ్మం పక్కన "ఇచ్చట రఫూ చేయబడును" అన్న బోర్డు.

అదే గదిలో, ఇంకో మూల, అమ్మ కుట్టు మిషను. జిప్పులు, బటన్లు, అంచులు అమ్మ పని. ఇప్పుడు ఎవరైనా చిరిగిన బట్ట పట్టుకొస్తే అమ్మ తల అడ్డంగా ఊపుతుంది. "రఫూ లేదండీ, మానేశాం" అంటుంది, ఏదో సరుకు అయిపోయినట్టు.

అమ్మ ఏడవడం బొంగరం చూడలేదు. దూరాలు తిరిగే లారీ మీద నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మ ఎలా ఉందిరా?" అని అడుగుతాడు. "బాగానే ఉంది" అంటుంది బొంగరం, పళ్ళు బిగించి. అలా బాగానే ఉండడమే బొంగరానికి నచ్చలేదు. వారం తిరగకుండా అమ్మ వెళ్ళి అమ్మమ్మ కళ్ళజోడు గూట్లో పెట్టేసింది. ఆ కుర్చీలో కూర్చోదు. ఆ బల్ల వంక చూడదు. అమ్మమ్మ ఊసే ఎత్తదు.

'అమ్మమ్మ నాకొక్కదానికే పోయింది' అనుకుంది బొంగరం.

ఆ సాయంత్రం అమ్మ జిప్పులు కొనడానికి బజారుకు వెళ్ళింది. గదిలో బొంగరం ఒక్కతే మిగిలింది. గోడ కొక్కానికి రైలు గార్డు కోటు వేలాడుతోంది. ముదురు నీలం రంగు, లైనింగ్ లేని మందపాటి ఉన్ని కోటు. బండి తలుపు కొక్కెం పట్టి, ఎడమ మోచెయ్యి దగ్గర గుండ్రంగా చిల్లు పడితే తెచ్చి ఇచ్చాడు. అమ్మమ్మ చేసిన ఆఖరి రఫూ అదే.

చేస్తున్నప్పుడు బొంగరం పక్కనే ఉండి చూసింది. అమ్మమ్మ బయటి దారం ముట్టదు. కోటు లోపలి అంచు విప్పి, ఎవరికీ కనిపించని చోటు నుంచి ఆ కోటు పోగులే తీస్తుంది. "పరాయి దారం ఎంత మంచిదైనా ముఖం వేలాడేసుకుని కూర్చుంటుందే బొంగరం. దీనికి దీని పోగే కావాలి" అనేది. ఆ అంచులో ఇంక తీయడానికి ఏమీ మిగల్లేదు కూడా. గార్డు కోటు ఎన్నోసార్లు చిరిగింది మరి.

బొంగరం కోటు దించి బల్ల మీద వేసింది. చిల్లు ఎక్కడ ఉండేదో తనకు తెలుసు. అయినా కళ్ళకు దొరకలేదు. భూతద్దం లాగింది, దొరకలేదు. ఏడుపు వచ్చింది. అప్పుడు కోటు చేతిని లోపలి వైపుకు తిరగేసి, కళ్ళు మూసుకుని, వేలితో తడిమింది.

దొరికింది. గుడ్డ అక్కడ ఒక్క పిసరు మందంగా ఉంది. చూపు దగ్గరగా పెడితే, చీమ మీసాలంత సన్నగా, పోగుల కొసలు.

'ఒక్క పోగు. రేపు చూపించడానికి ఒక్కటంటే ఒక్కటి.'

సూది మొనతో కొసను లేపి, గోళ్ళతో పట్టి లాగింది. పోగు మెత్తగా, ఒద్దికగా వచ్చేసింది. అమ్మమ్మ వేళ్ళ మధ్య తిరిగిన పోగు. బొంగరం దాన్ని చెంపకు ఆనించుకుంది. కానీ అరచేతిలో పెట్టుకుని చూస్తే అది మరీ సన్నగా ఉంది. బల్ల మీద పెడితే ఎవరికి కనిపిస్తుంది? ఇంకొకటి లాగింది. దాని పక్కది దానంతట అదే వదులైంది. ఇంకొకటి. మరొకటి.

కోటును ఇటువైపు తిప్పింది. మోచెయ్యి దగ్గర చిల్లు నోరు తెరుచుకుని ఉంది. సగమే మిగిలింది అమ్మమ్మ రఫూ. మిగతా సగంలోంచి బల్ల చెక్క కనిపిస్తోంది.

బొంగరం గబగబా సూదిని డబ్బాలో పడేసింది. పోగులను జామెట్రీ బాక్సులో దాచింది. కోటును తిరిగి కొక్కానికి తగిలించి, ఎడమ చెయ్యిని గోడ వైపుకు తోసింది.

*

మరునాడు తెల్ల కాగితం మీద జిగురు రాసి, పోగులను వరసగా అంటించి తీసుకెళ్ళింది.

"ఇదేంటి?" అన్నాడు గంట, ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి. "దారమా? మా ఇంట్లో రీళ్ళకు రీళ్ళే ఉన్నాయి. మా అక్క చేతిపని అని నేనూ తెచ్చి పెట్టేస్తా."

"ఎక్కడివమ్మా ఇవి?" అడిగారు టీచర్.

"అమ్మమ్మే ఇచ్చిందండీ."

అబద్ధం నాలుక మీద చేదుగా కరిగింది. టీచర్ "మంచిది" అని కాగితాన్ని ఉన్ని టోపీ పక్కన పెట్టారు. ఎవరూ దాని వైపు మళ్ళీ చూడలేదు. బొంగరం మాత్రం చాలాసేపు చూసింది. కోటులో ఉన్నంత కాలం అది అమ్మమ్మ పని. కాగితం మీద అవి ఒట్టి నీలం దారపు ముక్కలు. అమ్మమ్మ వాటిలో ఎక్కడా లేదు.

బడి వదలగానే కాగితం తీసి పుస్తకాల మధ్య పెట్టుకుని ఇంటికి నడిచింది. గుమ్మంలో పెద్ద బూట్లు కనిపించాయి.

"రావమ్మా బొంగరం! బండి ఆగిందా, ఇంకా తిరుగుతూనే ఉందా?" అన్నాడు గార్డు మామయ్య. అమ్మమ్మను పెద్దమ్మ అని పిలిచేవాడు కనుక ఆయన బొంగరానికి మామయ్య అయ్యాడు. ఎప్పుడూ వేసే హాస్యమే, కానీ ఈసారి గొంతులో పస లేదు. "నేను దూరంగా పై లైనులో డ్యూటీలో పడ్డాను చెల్లెమ్మా. పెద్దమ్మ కడసారి చూపు కూడా దక్కలేదు. నన్ను తిట్టకుండా కోటు చేతికి ఇచ్చిన రోజు లేదు. 'ఒరేయ్, కోటు తొడుక్కుంటావా, కోటుతో కుస్తీ పడతావా' అనేది."

అమ్మ కొంచెం నవ్వింది. "మీ ఒక్కరినే కాదులెండి అన్నయ్యగారూ. అందరికీ తలా ఒక తిట్టు కట్టి ఇచ్చేది."

"రేపు పదింటికి ఇన్‌స్పెక్షను. పెద్దసారు బటన్లతో సహా లెక్కపెడతాడు. అందుకే పరిగెత్తుకొచ్చాను."

"సిద్ధంగానే ఉంది. అమ్మ చేసిన ఆఖరి పని ఇదే" అంటూ అమ్మ కొక్కెం దగ్గరికి నడిచింది. "పొద్దున్నే ముగించింది. తనే తగిలించింది. కాసేపు నడుము వాలుస్తానంది. ఇంక లేవలేదు."

అమ్మ నోట ఆ మాట బొంగరం వినడం అదే మొదటిసారి.

అమ్మ కోటు తీసి, దులిపి, చేతులు సాపు చేసింది. ఎడమ మోచెయ్యి దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. వేలు చిల్లులోంచి బయటికి వచ్చింది.

 మిషను మీద మడిచిన గుడ్డ ఒకటి జారి కింద పడింది.

"ఇదేమిటి..." అంది అమ్మ. "అమ్మ పని విడిపోదే. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా విడిపోలేదే."

గార్డు కోటును చూసి, చూపు దించుకున్నాడు. "పోనీలే చెల్లెమ్మా. పెద్దప్రాణం. కళ్ళు ఆనక, చెయ్యి వణికి ఉంటుంది పాపం. ఒంట్లో ఓపిక లేకపోయినా నా కోసం కూర్చుంది, అదే పదివేలు."

"అవునేమో" అంది అమ్మ. ఆ గొంతు అమ్మది కానట్టుంది. "మా అమ్మ తరఫున నేను... క్షమించండి అన్నయ్యగారూ."

బొంగరం గోడకు అతుక్కుపోయింది. 'చెయ్యి వణకలేదు' అనాలి. 'నేను లాగాను' అనాలి.  పుస్తకాలను ఎదకు అదుముకుంది.

"నల్ల దారంతో నాలుగు పోట్లు వేసినా చాలులే. పొద్దున డ్యూటీకి పోతూ వస్తాను" అని గార్డు బూట్లు తొడుక్కున్నాడు. వెళ్తూ వెళ్తూ బొంగరం తల నిమిరాడు. ఆ చెయ్యి రాయిలా బరువుగా ఉంది.

*

అమ్మ తలుపు చేరవేసింది. కోటు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. చాలాసేపటికి కూడా రాలేదు.

బొంగరం మెల్లగా వెళ్ళి తొంగి చూసింది. అమ్మ నేల మీద, మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. కోటు ఒళ్ళో ఉంది. చిల్లు మీద అరచెయ్యి మూసి ఉంది, దెబ్బ తగిలిన చోట మూసినట్టు.

"చెయ్యి వణుకుతోందని నాకెందుకు చెప్పలేదమ్మా?" అంటోంది అమ్మ, కోటుతో. "ఒక్క గదిలోనే ఉన్నాను కదమ్మా. నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను కదా. పిలిస్తే రానా? అమ్మా, నేను చూసుకోలేదమ్మా..."

అమ్మా, అమ్మా అంటోంది అమ్మ. మోకాలు చెక్కుకుపోయినప్పుడు బొంగరం అరిచే అరుపు లాగే ఉంది అది. చిన్నపిల్ల గొంతు.

అమ్మమ్మ అంటే అమ్మకు అమ్మ. ఆ సంగతి బొంగరానికి తెలియక కాదు. అక్షరాలు రాకముందే తెలుసు. కానీ ఇప్పుడు, ఆ గుమ్మంలో నిలబడి, ఆ అరుపు విన్నాకే నిజంగా తెలిసింది.

పుస్తకాల మధ్య నుంచి కాగితం తీసింది. అమ్మ ముందు పెట్టింది. వెనక్కి జరిగి నిలబడింది.

"అమ్మమ్మ చెయ్యి వణకలేదమ్మా. నేను లాగేశాను."

అమ్మ కాగితం వంక చూసింది. కోటు వంక చూసింది. ముఖం ఎర్రబడింది, పాలిపోయింది. దెబ్బ పడుతుందని బొంగరం కళ్ళు మూసుకుంది. పడలేదు. కళ్ళు తెరిచేసరికి అమ్మ చిల్లును దీపం దగ్గరికి తీసుకెళ్ళి, మిగిలిన సగం రఫూను వేలితో తడుముతోంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు.

"గట్టిగా ఉంది" అంది. "రాయిలా ఉంది. అమ్మ చెయ్యి వణకలేదు." ఆ మాట అంటూనే, కోటులో ముఖం దాచుకుని భోరుమంది.

 బొంగరం అమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. ఒకరి కోసం ఒకరు కాదు, ఒకే మనిషి కోసం.

తరువాత అమ్మ ముక్కు తుడుచుకుంది. "ఎందుకు లాగావే?"

"నాకు చూపించడానికి ఏమీ లేదు. అమ్మమ్మ పనంతా కనిపించకుండా పోయింది."

అమ్మ కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. కాగితాన్ని ఎత్తి చూసింది. "జిగురు పెట్టి అంటించావా? ఖర్మ. లోపలి అంచులో ఒక్క పోగు మిగల్లేదు. ఈ కోటుకు ఇవి తప్ప వేరే దారం లేదు." లేచి నిలబడింది. "వేణ్ణీళ్ళు పెట్టు."

*

గోరువెచ్చని నీళ్ళలో కాగితం నానింది. జిగురు తెల్లగా కరిగింది. ఒక్కొక్క పోగును తెగకుండా విడదీసి, తడిగుడ్డ మీద చాచి, పైన వెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆడించింది అమ్మ. ముడతలు పోయాయి. అప్పుడు ముందు గదిలోకి నడిచి, కుర్చీ ముందు ఆగింది. దిండు మధ్యలో ఇంకా గుంట ఉంది.

అమ్మ ఆ గుంటలోనే కూర్చుంది.

"మీ అమ్మమ్మకు ఈ పని ఎవరూ నేర్పలేదు, తెలుసా?" అంది, సూదిలోకి పోగు ఎక్కిస్తూ. "ముందు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. చిరిగినవి పారేయమనేవాళ్ళు. పారేయకుండా, అన్నం తినే వేళలో వాటి మీద సూది పట్టి నేర్చుకుంది. మా నాన్న నాకు నడక రాకముందే పోయాడు. ఆ దుప్పట్ల బుట్టలోనే నన్ను పడుకోబెట్టుకునేదట."

బొంగరం కదలకుండా వింది. దీపం వెలుతురులో సూది ఒక పోగు కిందుగా, ఒక పోగు మీదుగా పోతోంది.

"ఒకసారి బడి గేటు దగ్గర నా గౌను చిరిగింది. సిగ్గుతో లోపలికి పోలేక నిలబడి ఏడుస్తున్నాను. ఎవరు చెప్పారో, తడి చేతులతో అలాగే పరిగెత్తుకొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, గౌను నా ఒంటి మీద ఉండగానే కుట్టేసింది. 'కదిలావంటే నిన్నూ గౌనునూ కలిపి కుట్టి పారేస్తాను' అంది."

"అమ్మమ్మ అలాగే అంటుంది" అంది బొంగరం.

"నాకు కూడా నేర్పింది, నీ అంత ఉన్నప్పుడు. కుట్టి చూపిస్తే భూతద్దంలోంచి చూసి 'కనిపిస్తోంది' అనేది. విప్పేసేది. మళ్ళీ కుట్టేదాన్ని. 'కనిపిస్తోంది.' మళ్ళీ విప్పేసేది. ఒకరోజు రోషమొచ్చి సూది విసిరికొట్టి మిషను దగ్గరికి పోయాను. అమ్మ మళ్ళీ రమ్మనలేదు. నేనూ వెళ్ళలేదు." సూది ఒక్క క్షణం ఆగింది. "ఆమె అడగదు, నేను వెళ్ళను. ఒకే గదిలో, ఇన్నేళ్ళు."

అమ్మ చేతులు తడబడ్డాయి. విప్పింది, మళ్ళీ వేసింది. చివరికి పోగు కొసను లోపలికి దోపి, కోటును దీపం కిందికి జరిపింది.

"చూడు. కనిపిస్తోందా?"

బొంగరం వంగి చూసింది. పై సగం అమ్మమ్మది, ఎంత వెతికినా దొరకదు. కింది సగం దగ్గర మాత్రం, నీటి మీద గీత గీసినట్టు, చిన్న జాడ. లేదు అనాలని ఎంతో అనిపించింది. కానీ బడిలో అబద్ధం చెప్పినప్పటి నుంచి నాలుక మీద ఉన్న చేదు ఇంకా పోలేదు.

"కనిపిస్తోందమ్మా. కొంచెమే."

"ఊఁ" అంది అమ్మ. "అమ్మ ఉంటే విప్పించేది."

"వద్దు. విప్పకు."

అమ్మ విప్పలేదు. తడిగుడ్డ మీద ఒక పోగు మిగిలింది. కొస చిక్కిపోయి కుట్టుకు పనికిరానిది. అమ్మ దాన్ని వేలికి చుట్టి, బొంగరం అరచేతిలో పెట్టింది. "నీకు కావాలన్నావు కదా. ఉంచుకో."

బొంగరం దాన్ని చూసుకుంది. ఎంత సన్నగా ఉందో. తరువాత అమ్మ చెయ్యి తెరిచి, అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"నీ దగ్గరే ఉండనీ. మీ అమ్మది కదా."

*

పొద్దున మబ్బు పట్టి ఉంది. గార్డు మామయ్య గుమ్మంలోకి రాగానే, అమ్మ నోరు విప్పకముందే బొంగరం ఎదురు వెళ్ళింది. బడి సంచి పట్టీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"మామయ్యా, మా అమ్మమ్మ రఫూ విడిపోలేదు. నేను పోగులు లాగేశాను. నిన్న మీరున్నప్పుడే చెప్పాల్సింది, భయమేసి చెప్పలేదు. చిల్లు సగం అమ్మ పూడ్చింది. ఆ సగం కొంచెం కనిపిస్తుంది. అది అమ్మ తప్పు కాదు."

గార్డు ఆమెను చూశాడు. అమ్మను చూశాడు. కోటు తీసుకుని మోచెయ్యి తిప్పి చూశాడు. తిడతాడనుకుంది బొంగరం. ఆయన గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎంత పని చేశావే పిల్లా!" అన్నాడు. "కోటుదేముంది, పెద్దసారు నాలుగు మాటలంటే పడతాను. నిన్న సాయంత్రం డ్యూటీ గదిలో నోరు ఊరుకోక అనేశానే. 'పెద్దమ్మకు ఆఖరున చెయ్యి పట్టు తప్పింది, పాపం, కుట్టు విడిపోయింది' అని. అక్కడ అందరి కోట్లూ ఆమె చేతిలో పడినవే. ఒక్కొక్కరూ అయ్యో అన్నారు."

అమ్మ తలుపు పట్టుకుంది. 

"నేను చెప్తానులే వాళ్ళకు" అన్నాడు గార్డు, లేస్తూ. "నువ్వు బడికి పో."

బొంగరం చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. డ్యూటీ గదిలో అందరూ పెద్దవాళ్ళు. పెద్ద పెద్ద గొంతులవాళ్ళు. గంట లాంటి వాళ్ళు ఎంతమంది ఉంటారో.

"మీరు కాదు మామయ్యా, నేనే చెప్పాలి. స్టేషను బడి దారిలోనే కదా" అంది. అమ్మ వైపు తిరిగింది. "వెళ్ళనా అమ్మా?"

అమ్మ తల ఊపింది. దగ్గరికి వచ్చి, బొంగరం జుట్టు చెవి వెనక్కి సర్ది, వదిలింది.

గార్డు కోటు తొడుక్కున్నాడు. ఇద్దరూ కలిసి నడిచారు. స్టేషనులో బండి ఏదీ లేదు. ప్లాట్‌ఫాం చివర డ్యూటీ గది. లోపల పొడవాటి బల్ల, టీ గ్లాసులు, గోడకు చుట్టి పెట్టిన జెండాలు. ఇన్‌స్పెక్షను కోసం నీలం కోట్లు తొడుక్కుని ఐదారుగురు కూర్చున్నారు. వాళ్ళలో ఒక ముసలాయన తన భుజాన్ని వెలుతురులోకి తిప్పుకుని, కళ్ళు చికిలించి వెతుకుతున్నాడు.

"నాదీ ఆ మధ్యే చేసిచ్చింది" అంటున్నాడు పక్కవాడితో. "పెద్దసారు ముందు విడిపోతే నా పరువేం కాను? కాస్త చూసి పెట్టు, ఎక్కడుందో."

బొంగరం గడప దాటింది.  అన్ని ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. గార్డు మామయ్య వెనకే నిలిచిపోయాడు.

"వెతకకండి తాతయ్యా, అది దొరకదు" అంది.  ఇంకో అడుగు ముందుకు వేసింది. "విడిపోదు కూడా. నేను రఫూ పెద్దమ్మ మనవరాలిని. గార్డు మామయ్య కోటు చింపింది నేను."